పాము కాళ్ళ సంగతి సరే, తల ఎక్కడ?

"పాము కాళ్ళు పాముకే ఎరుక" అని మన పెద్దోళ్ళు ఏ ఉద్దేశంతో అన్నా, మాట మాత్రం అక్షరాలా నిజమే. కొండచిలువని వెల్లకిలా తిప్పి చూస్తే తోక మొదలయ్యే చోట అటొకటి ఇటొకటి గోరు లాంటి చిన్న కొక్కేలు కనపడతాయి, మగదానికి కాస్త పెద్దవి, జత కట్టేటప్పుడు ఆడదాన్ని గీరడానికి వాడుకుంటుంది. ఆ కొక్కేల వెనకాల కండలో తుంటి ఎముక ముక్కా తొడ ఎముక ముక్కా కూడా దాక్కుని ఉంటాయి. లక్షలు పలుకుతుందని చెప్పి జనాన్ని మోసం చేసి అమ్ముతారే, ఆ రెండు తలల పాముకి కూడా ఇవి ఉంటాయి. (తల ఒకటే, రెండోది మొద్దు తోక.)

కాళ్ళు ఎలా పోయాయి అన్నదానికి జన్యువుల వైపు నుంచి 2016లో బాగా గట్టి ఆధారమే దొరికింది. కాళ్ళు పెరగాలంటే పిండంలో సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు ఆన్ అవ్వాలి, దాన్ని కాళ్ళ మొగ్గల దగ్గర ఆన్ చేసే స్విచ్ లాంటి డీఎన్ఏ ముక్క ఒకటుంది, పాముల్లో ఆ ముక్కలో 17 అక్షరాలు ఎగిరిపోయి ఉన్నాయి. పాము స్విచ్ తీసి చిట్టెలుకలో పెడితే ఎలుక పిల్లకి కాళ్ళు సరిగ్గా పెరగలేదు, ఆ పోయిన అక్షరాలు తిరిగి అతికించి పెడితే మామూలు కాళ్ళు వచ్చాయి. కొండచిలువలో ఆ స్విచ్ పూర్తిగా చావలేదు, పిండం దశలో కొంచెం సేపు వెలిగి ఆరిపోతుంది, అందుకే ఆ కొక్కేలు.

ఇంతవరకూ వినడానికి బానే ఉంది, కానీ ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. కాళ్ళు పోతే పాము అయిపోదు. బల్లి జాతుల్లో కాళ్ళు పోవడం అనేది ఒక్కసారి జరిగిన వింత కాదు, వేర్వేరు కుటుంబాల్లో విడివిడిగా పాతిక సార్లకు పైనే జరిగింది. విశాఖపట్నం చుట్టుపక్కల మట్టిలో బతికే బార్కుడియా మెలనోస్టిక్టా అనే నలికీచు జాతి జీవికి ఒక్క కాలు కూడా లేదు, చూసినవాళ్ళు పామే అనుకుని కొట్టేస్తారు, కానీ అది బల్లే. పాముని పాము చేసేది తల. కింది దవడ రెండు సగాలూ గడ్డం దగ్గర ఎముకతో అతుక్కోకుండా సాగే తంతువుతో మాత్రమే కలిసి ఉంటాయి, పైదవడ ఎముకలు కూడా ఒకదానికొకటి వదులుగా కదులుతాయి, కుడిపక్క దవడ ముందుకు జరిగి పట్టుకుంటే ఎడమపక్కది వదిలి జరుగుతుంది, అలా తలని ఎర మీదికి తొడుక్కుంటూ పోతుంది అన్నమాట. దవడ ఊడదీసుకుని మింగుతుంది అనేది ఉత్త మాట, ఊడేదేం లేదు, మొదటి నుంచీ వదులుగానే ఉంటుంది.

పాముల పుట్టుక గురించి నూటయాభై ఏళ్ళుగా నడుస్తున్న గొడవంతా ఇక్కడే ఇరుక్కుంది. రుజువు కావాల్సింది తలలో, రాళ్ళలో దొరికేదేమో వెన్నుపూసలు. పాముకి రెండొందల నుంచి నాలుగొందల దాకా వెన్నుపూసలు ఉంటాయి, గట్టిగా ఉంటాయి, వాటికి మామూలు కీళ్ళతో పాటు ముందువైపు ఒక మేకు, వెనకవైపు అది దూరే గాడి లాంటి అదనపు కీలు ఉంటుంది కాబట్టి ఒక్క పూస దొరికినా పాముదని చాలాసార్లు గుర్తుపట్టొచ్చు. పుర్రె ఎముకలు మాత్రం కాగితాల్లా పల్చగా, వదులుగా ఉండి చచ్చిన కొద్ది రోజుల్లోనే చెల్లాచెదురైపోతాయి. మయన్మార్‌లో రాయిలా గట్టిపడిన చెట్టు జిగురు (ఆంబర్) ముక్కలో దొరికి 2018లో బయటికొచ్చిన జియావోఫిస్ అనే పాము పిల్లే చూడండి, దాదాపు 9.9 కోట్ల ఏళ్ళ నాటిది, అయిదు సెంటీమీటర్లు కూడా లేదు, వెన్నుపూసలు పూసపూసగా లెక్కపెట్టొచ్చు. కానీ తల లేదు.

పాత గొడవ ఏంటంటే, పాములు నీళ్ళలో పుట్టాయా మట్టిలో పుట్టాయా అని. నీళ్ళ కథ మొదలెట్టింది అమెరికన్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డ్రింకర్ కోప్, 1869లో. డైనోసార్ల కాలంలో సముద్రంలో ఈదిన మోససార్లు అనే పెద్ద బల్లుల కింది దవడ మధ్యలో పాములకున్నట్టే ఒక మడత కీలు ఉంది కాబట్టి రెండూ చుట్టాలే అన్నాడు. ఆ తర్వాత చాలాకాలం ఆ ఆలోచన మూలన పడి ఉంది. 1970ల చివర్లో జెరూసలేం హీబ్రూ యూనివర్సిటీకి చెందిన గెయార్గ్ హాస్, రమల్లా దగ్గర ఐన్ యబ్రుద్ సున్నపురాయి క్వారీలో దొరికిన ఒక మీటరు పొడవు జీవికి పాకిరాకిస్ ప్రాబ్లమాటికస్ అని పేరు పెట్టాడు, పేరులోనే ప్రాబ్లం ఉంది చూడండి, పాములాంటి ఒళ్ళు, వెనక చిన్న కాళ్ళ ముక్కలు, దాన్ని ఏ గూట్లో పెట్టాలో ఆయనకే తేలలేదు. 1997లో మైకేల్ కాల్డ్‌వెల్, మైకేల్ లీ అదే రాళ్ళని మళ్ళీ చూసి ఇది కాళ్ళున్న పామే, సముద్రపు పాము, మోససార్లకీ పాములకీ మధ్య వంతెన అని నేచర్ పత్రికలో రాసారు. దాని పక్కటెముకలు లావుగా బరువుగా ఉండటం కూడా వాళ్ళకి కలిసొచ్చింది, నీళ్ళ అడుగున తిరగడానికి ఆ బరువు పనికొస్తుంది కదా.

మూడేళ్ళు తిరిగేసరికి అదే క్వారీ నుంచి ఇంకో కాళ్ళ పాము వచ్చింది, హాసియోఫిస్, హాస్ గారి పేరు మీద. దీని వెనక కాలు ఇంకా నయం, మడమ, పాదం ఎముకలు కూడా ఉన్నాయి. కానీ ఇది వర్ణించిన టీమ్ చెప్పిన అర్థం మాత్రం పూర్తిగా తిరకాసు. దీని పుర్రె చూస్తే కొండచిలువల్లా పెద్ద నోరున్న ముదురు పాముల కోవలోకి వస్తుంది, అంటే ఇవి పాముల మూలపురుషులు కావు, అప్పటికే పాములు పుట్టి చాలా దూరం వచ్చాక సముద్రంలోకి దిగిన ఒక కొమ్మ అని. అలా అయితే కాళ్ళెందుకున్నాయి అంటే, పాముల చరిత్రలో కాళ్ళు ఒకేసారి పోలేదు, వేర్వేరు కొమ్మల్లో వేర్వేరుగా పోయాయి, లేదా తిరిగొచ్చాయి అని సమాధానం. లెబనాన్‌లో దొరికిన యూపోడోఫిస్ కూడా 2000లోనే వచ్చింది, దాని కాలు రెండు సెంటీమీటర్లే, ఒక కాలు రాతి లోపలే ఇరుక్కుని ఉంటే 2011లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో సింక్రోట్రాన్ అనే భారీ యంత్రంలో పెట్టి దాని ఎక్స్-రేలతో రాయి పగలకుండానే లోపల చూసారు, మడమలో నాలుగు ఎముకలున్నాయి, వేళ్ళు లేవు. ఒకే రాళ్ళు, ఒకే ఎముకలు, రెండు పార్టీలకీ రెండు కథలు. ఈలోగా డీఎన్ఏ వాళ్ళు వచ్చి పాములకి ఉడుములు మరీ అంత దగ్గరి చుట్టాలేం కాదు, తొండలు, ఊసరవెల్లులు ఉన్న కొమ్మ కూడా అంతే దగ్గర అని చెప్పేసరికి, మోససార్లు ఉడుముల చుట్టాలు కాబట్టి పాములకీ చుట్టాలే అని కట్టిన వంతెన కొంచెం ఊగింది.

మట్టి కథకి మొదట్లో ఆధారం శిలాజం కాదు, కన్ను. 1940ల్లో గోర్డన్ వాల్స్ అనే ఆయన ప్రాణుల కళ్ళన్నీ పోల్చి చూసి, బల్లి కంట్లో ఎముక ఉంగరం ఉంటుంది, కటకాన్ని నొక్కి ఫోకస్ చేసుకుంటుంది, పాము కంట్లో ఆ ఉంగరం లేదు, కటకాన్నే ముందుకు జరుపుతుంది, ఇది కొంచెం మారిన బల్లి కన్ను కాదు, దాదాపు పాడైపోయి మళ్ళీ కొత్తగా కట్టుకున్న కన్ను అన్నాడు. కన్ను అంతగా పాడవ్వాలంటే తరాల తరబడి మట్టిలో చీకట్లో బతికి ఉండాలి అని తర్కం. తర్కం చక్కగానే ఉంది. మన పెరట్లో పూలకుండీ ఎత్తితే వానపాములా మెలికలు తిరిగే గుడ్డిపాము ఉంటుందే, మొదటి పాము అలాంటిదే అయ్యుంటుందని దశాబ్దాల పాటు పుస్తకాల్లో రాసుకున్నారు. చిన్న ఒళ్ళు, చిన్న నోరు, చీమల గుడ్లు తినే బతుకు.

2015లో హాంగ్యూ యీ, మార్క్ నోరెల్ దీనికి శిలాజం వైపు నుంచి ఊతం ఇచ్చారు. డినిలీసియా అని అర్జెంటీనాలోని పటగోనియా పాము ఒకటి 1901లోనే ఆర్థర్ స్మిత్ వుడ్‌వర్డ్ వర్ణించి పెట్టాడు, దాదాపు రెండు మీటర్ల జీవి, అదృష్టం బాగుండి పుర్రె ఉంది. దాన్ని సీటీ స్కాన్ చేస్తే లోపలి చెవిలో గుండ్రటి పెద్ద గది కనపడింది, మట్టి తవ్వే పాములకి ఉండేలాంటిది. కాబట్టి ఇప్పటి పాముల పూర్వీకులు బొరియల్లో తిరిగేవే అన్నారు. రెండేళ్ళకి ఇంకో టీమ్ వచ్చి, నీళ్ళలోనూ నేలమీదా తిరిగే కొన్ని పాములకి కూడా చెవి అలాగే ఉంటుంది, ఒక్క చెవి పట్టుకుని ఇల్లెక్కడో చెప్పలేం అంది. నిజం చెప్పాలంటే చెవి గది ఆకారం చూసి అడ్రస్ చెప్పడం అనేది కొంచెం ఎక్కువ ఆశే.

ఈ గొడవలో పెద్ద మలుపు మాత్రం నజాష్. అర్జెంటీనాలో రియో నీగ్రో ప్రావిన్స్, లా బుయిత్రేరా అనే ఎర్రరాతి ప్రాంతం, దాదాపు 9.5 కోట్ల ఏళ్ళ నాటి పొరలు, అప్పట్లో అది ఇసుక దిబ్బల నేల. 2006లో సెబాస్టియన్ అపెస్తెగియా, హుస్సాం జహర్ అక్కడ దొరికిన పాముకి బైబిల్లోని పాముకి హీబ్రూలో వాడే పేరే పెట్టారు. దీనికి వెనక కాళ్ళున్నాయి, అది పెద్ద విషయం కాదు, కాళ్ళున్న పాములు అప్పటికే మూడు దొరికాయి. పెద్ద విషయం ఏంటంటే వెన్నెముకకీ తుంటికీ మధ్య లంకె ఉంది. సముద్రపు కాళ్ళ పాముల్లో తుంటి ఎముకలు వెన్నుకి అంటకుండా కండలో తేలుతూ ఉంటాయి, ఇందులో మాత్రం బల్లుల్లో లాగా తుంటి వెన్నుకి ఆనుకునే పూసలున్నాయి, అంటే ఆ కాలు ఏదో ఒక పని చేసేది. పైగా నేలమీద బతికింది. ఇంతకన్నా పాత పద్ధతి ఒళ్ళున్న పాము అప్పటికి లేదు.

కానీ 2006 నాటి నజాష్‌కి కూడా తల సరిగ్గా లేదు, కొన్ని ముక్కలు మాత్రమే. ఆ కొరత తీరడానికి ఇంకో పదమూడేళ్ళు పట్టింది. ఫెర్నాండో గార్బెరోలియో అప్పటికి ఇంకా డిగ్రీ చదువుతున్న కుర్రాడు, 2013లో అదే చోట రాయి ఒకటి ఎత్తితే అందులో దాదాపు పూర్తి పుర్రె, అదీ అప్పడంలా నలిగిపోకుండా మూడు కొలతల్లోనూ నిలిచి ఉన్న పుర్రె. దాన్నీ, ఇంకొన్నిటినీ స్కాన్ చేసి 2019లో సైన్స్ అడ్వాన్సెస్‌లో వేసారు, అందులో చెంప ఎముక బయటపడింది. ఇది చిన్న విషయంలా వినపడుతుంది, కాదు. బల్లులకి కంటి కింద చెంప ఎముక ఉంటుంది. పాముల్లో అది పోయిందనీ, కొండచిలువ కంటి వెనక కనపడే కమ్మీ లాంటి ఎముక వేరే ఎముకనీ ఎన్నో ఏళ్ళుగా పాఠం. నజాష్‌లో కంటి కిందా వెనకా ఎల్ ఆకారంలో అదే ఎముక స్పష్టంగా ఉంది, దాని స్థానం పట్టుకుని చూస్తే కొండచిలువలో మిగిలిందీ ఇదే, పేరు తప్పు పెట్టారంతే. నూటయాభై ఏళ్ళుగా పుర్రె బొమ్మల మీద వేసిన లేబుల్ ఒకటి మారిపోయింది. ఇంకోటి, నజాష్ నోరు పెద్దది, ఒళ్ళు కూడా మరీ చిన్నదేం కాదు, పుర్రెలో కొన్ని కీళ్ళు పాముల్లా వదులయ్యాయి, కొన్ని ఇంకా బల్లుల్లా బిగుసుకునే ఉన్నాయి. గుడ్డిపాము లాంటి చిన్న నోటి జీవి నుంచి మొదలయింది అనే బొమ్మకి ఇది అస్సలు కుదరదు. కాళ్ళు ఉండగానే తల మారడం మొదలెట్టింది.

ఈ మధ్యలో నాలుగు కాళ్ళ పాము అని ఒక హడావిడి జరిగింది, దాని గురించి చెప్పకుండా ముందుకెళ్ళలేం. 2012లో పోర్ట్స్‌మత్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డేవిడ్ మార్టిల్ స్టూడెంట్లని తీసుకుని జర్మనీలో సోల్న్‌హోఫెన్ మ్యూజియంకి వెళ్తే అక్కడ ప్రదర్శనలో ఒక చిన్న పలక కనపడింది, ప్రైవేటు సేకరణ నుంచి తెచ్చి పెట్టినది. ఇరవై సెంటీమీటర్ల పొడవు, సన్నటి ఒళ్ళు, నాలుగు బుల్లి కాళ్ళు, వేళ్ళతో సహా. రాతిని బట్టి బ్రెజిల్‌లోని క్రాటో పొర నుంచి వచ్చింది, 11 కోట్ల ఏళ్ళు దాటిన వయసు. 2015లో సైన్స్ పత్రికలో టెట్రాపోడోఫిస్ అని పేరు పెట్టి, తొలి నాలుగు కాళ్ళ పాము, ఆ చేతులతో ఎరని కావలించుకునేది అని వేసేసారు, ప్రపంచమంతా పేపర్లలో వచ్చింది. ఆ వెంటనే రెండు గొడవలు. మొదటిది, బ్రెజిల్‌లో 1942 నుంచి శిలాజాలు ప్రభుత్వ ఆస్తి, ఇది దేశం దాటి ఎలా వచ్చింది, కాగితాలేవి అని అక్కడి శాస్త్రవేత్తలు నిలదీసారు. రెండోది, అసలది పామేనా అని. కాల్డ్‌వెల్ వాళ్ళు రాతిని మళ్ళీ పరీక్షించి 2021లో రాసిందేమిటంటే, పలక చీలినప్పుడు ఒళ్ళు ఒక ముక్కకి, పుర్రె అవతలి ముక్కకి పోయాయి, ఒకదాని అచ్చు ఇంకోదాంట్లో పడింది, మొదటి పేపర్ నలిగిన పుర్రెని చూసింది గానీ ఆ అచ్చుని చూడలేదు. అచ్చుని చూస్తే తల పాములా లేదు, ఇది డోలికోసార్ అనే పొడుగాటి నీటి బల్లి అని తేల్చారు. మొదట రాసినవాళ్ళు ఒప్పుకున్నారని కాదు, కానీ ఇప్పుడు టెట్రాపోడోఫిస్‌ని పాముల మూలం కింద ధైర్యంగా పెట్టేవాళ్ళు తక్కువ. మళ్ళీ అదే, కాళ్ళు చూసి మురిసిపోయి తల సంగతి వదిలేసారు.

ఇలాంటిదే ఇంకోటి అమెరికాలో. కోనియోఫిస్ అని 1892లో ఓత్నియెల్ మార్ష్ పేరు పెట్టిన పాము వెన్నుపూసలు ఉన్నాయి, 2012లో అదే పొరల్లో విడివిడిగా దొరికిన దవడ ముక్కలు కూడా దీనివే అని కలిపి, బల్లి తల పాము ఒళ్ళు అని ప్రకటించారు. ఆ దవడలు ఆ పూసలవేనా అన్న అనుమానం వెంటాడుతూనే ఉంది, ఎందుకంటే ఒకే అస్థిపంజరంలో రెండూ కలిసి దొరకలేదు.

మన దేశం ఈ కథలో చిన్నదేం కాదు. 1984లో ధనంజయ్ మొహబే గుజరాత్‌లో ధోలి దుంగ్రి అనే ఊరి దగ్గర డైనోసార్ గుడ్లతో పాటు కొన్ని ఎముకలున్న రాయి తీసారు, గుడ్లలోంచి వచ్చిన డైనోసార్ పిల్ల ఎముకలే అవన్నీ అని 1987లో రాసారు. 2001లో మిషిగన్ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ విల్సన్ ఆ రాయి చూస్తూ ఉంటే పూసల మధ్య ఆ మేకు-గాడి కీలు కంటపడింది, డైనోసార్లకి ఇలా ఉండదు, ఇది పాము. రాయి శుభ్రం చేసి 2010లో సనాజే ఇండికస్ అని పేరు పెట్టారు, 3.5 మీటర్ల పాము, 6.7 కోట్ల ఏళ్ళ కింద, పగిలిన గుడ్డు చుట్టూ చుట్ట చుట్టుకుని, పక్కన అర మీటరు డైనోసార్ పిల్ల, అన్నీ ఒకేసారి మట్టి కింద పడిపోయాయి. దీని తల కూడా కొంత దొరికింది కాబట్టే అసలు విషయం తెలిసింది. ఇది ఇప్పటి కొండచిలువల్లా నోరు సాగదీయలేదు, గుడ్డు మింగలేదు, గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చే దాకా కాచుకుని కూర్చునేది. ఒళ్ళు కొండచిలువది, నోరు ఇంకా పాతది. ఈ మద్‌సోయిడ్ కుటుంబం పాములే తర్వాత కచ్‌లో పనంధ్రో లిగ్నైట్ గనిలో దొరికిన వాసుకి దాకా పెరిగాయి, 27 పూసలు పట్టుకుని 11 నుంచి 15 మీటర్లు అని లెక్క కట్టారు, 2024లో అన్ని చానెళ్ళూ ఊదరగొట్టాయి, అది 4.7 కోట్ల ఏళ్ళ నాటిది కాబట్టి పాముల పుట్టుక గురించి చెప్పేది పెద్దగా లేదు.

దానికన్నా మనకి దగ్గరది, అసలు ఎవరూ మాట్లాడుకోనిది, తెలంగాణలో వికారాబాద్ వైపు ఉన్న నస్కల్. అక్కడ దక్కన్ లావా పొరల మధ్య పేరుకున్న మట్టిలో, డైనోసార్ల చివరి రోజుల నాటి బుల్లి పాముల పూసలు దొరికాయి, జాఁ-క్లోద్ రాజ్, జి.వి.ఆర్. ప్రసాద్ 1992లో ఇండోఫిస్ అని పేరు పెట్టారు. ఇలాంటి చిన్న ఎముకల కోసం మట్టిని నీళ్ళలో నానబెట్టి జల్లెడ పట్టి, మిగిలిన రవ్వని మైక్రోస్కోప్ కింద ఏరుకోవాలి, గ్లామర్ ఏం లేని పని. ఆ పొరల్లోనే దక్కనోలెస్టెస్ అనే చిట్టెలుకంత క్షీరదం పళ్ళు కూడా దొరికాయి.

చివరికి మిగిలింది అసలు పాతవి. 2015లో కాల్డ్‌వెల్ టీమ్ ఇంగ్లండ్, పోర్చుగల్, అమెరికాల్లో దొరికిన నాలుగు జీవుల దవడ ముక్కలు తిరగేసి ఇవి పాములే అంది, వాటిలో ఆక్స్‌ఫర్డ్ దగ్గర కిర్ట్లింగ్టన్ క్వారీలో దొరికిన ఇయోఫిస్ 16.7 కోట్ల ఏళ్ళది, దాంతో పాముల శిలాజ చరిత్ర ఒక్క దెబ్బకి ఏడు కోట్ల ఏళ్ళు వెనక్కి వెళ్ళింది. నజాష్ గురించి వార్తల్లో వచ్చే "పాములు ఏడు కోట్ల ఏళ్ళ పాటు వెనక కాళ్ళతో బతికాయి" అన్న మాట కూడా ఈ లెక్క మీదే నిలబడింది. ఇక్కడ తల ముక్కలున్నాయి, వంపు తిరిగిన పళ్ళు పాము పళ్ళలాగే ఉన్నాయి, ఈసారి ఒళ్ళు లేదు.

2025 అక్టోబర్లో ఆ ఒళ్ళు వచ్చింది, స్కాట్లండ్ స్కై దీవిలో ఎల్గోల్ అనే చోట 2016లో దొరికిన అస్థిపంజరం, దాదాపు పదేళ్ళు స్కాన్లు చేసి రోజర్ బెన్సన్ టీమ్ నేచర్‌లో వేసింది. బ్రయుగ్నహేర్ ఎల్గోలెన్సిస్, గేలిక్ భాషలో ఎల్గోల్ నకిలీ పాము అని. సుమారు 40 సెంటీమీటర్లు, ఇయోఫిస్ వయసే, ఆ కుటుంబమే. దవడా పళ్ళూ కొండచిలువవి, ఒళ్ళు మామూలు బల్లిది, నాలుగు కాళ్ళూ నిక్షేపంగా ఉన్నాయి, పైగా కొన్ని ఎముకలు గోడమీది బల్లుల్లా ఉన్నాయి. ఇది పాముల ముత్తాతా, లేక పాములతో సంబంధం లేకుండా విడిగా అలాంటి పళ్ళు పెంచుకున్న ఇంకో పాత బల్లా అన్నది ఆ పేపర్ రాసినవాళ్ళే తేల్చలేదు, రెండు దారులూ తెరిచే ఉంచారు. ముత్తాత అయితే మాత్రం నీళ్ళు, మట్టి రెండు పార్టీలూ అనుకున్న వరస తలకిందులవుతుంది, ముందు నోరు పాముదైంది, కాళ్ళు కోట్ల ఏళ్ళ తర్వాత తీరిగ్గా పోయాయి. ముత్తాత కాకపోతే ఆ ఏడు కోట్ల ఏళ్ళ చరిత్ర మొత్తం పాముల ఖాతాలోంచి బల్లుల ఖాతాకి మారిపోతుంది. స్కై దీవి రాయికీ లా బుయిత్రేరా రాయికీ మధ్య ఏడు కోట్ల ఏళ్ళ ఖాళీ ఉంది, ఆ ఖాళీలో తలా ఒళ్ళూ రెండూ కలిసి దొరికిన పాము ఇప్పటిదాకా ఒక్కటీ లేదు.